సకినాల కాంటా, కాజీపేట బస్సు: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 16, 2025, సోమవారం

ఆరుగురు రావాలి, ఐదుగురే వచ్చారు. ఆరో అతని ఇంట్లో పత్తి గింజలు పెడుతున్నారట, తోలుకొచ్చే మనిషి లేడట. ఫోన్‌లో వాళ్ల నాయన "ఒక్కడు ఎట్ల వస్తడు సార్, వానికేం ఎరుక" అన్నాడు. ఈ ఒక్క మాట పట్టుకునే ఆరు నెలల పని పెట్టుకున్నాం: ఎవరి పని వాళ్లు చేసుకోవడం, ఒక్కళ్లే పోయి రావడం నేర్పాలని.

హనుమకొండలో అద్దెకు తీసుకున్న పాత ఇల్లు మా సెంటర్. రెండు గదులు, వంటగది, వెనక రేకుల షెడ్డు. నేను, ఒక టీచరమ్మ, వంటకు సాయం వచ్చే అవ్వ. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా మేధో వైకల్యం ఉన్నవాళ్లు. వయసు 19 నుంచి 34 దాకా. అయినా అందరూ "పిల్లలు" అనే అంటారు. నా నోటికీ అదే వస్తుంది. డైరీలో మాత్రం రాయకుండా జాగ్రత్త పడతాను.

వీళ్లలో ముగ్గురు బడి వయసులో మండలంలోని భవిత కేంద్రానికి, అంటే వైకల్యం ఉన్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రానికి, పోయినవాళ్లే. 18 దాటాక ఆ దారి అయిపోతుంది. ఆ తర్వాత ఇల్లు, అరుగు, టీవీ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సర్కారు కొలువుల్లో 4 శాతం కేటాయించింది. అందులో వీళ్లకూ వాటా ఉంది. కానీ టీ పెట్టుకోవడం, బస్సెక్కడం రాకుండా ఏ కొలువుకు పోతారు?

పేర్లు రాయను. మా హాజరు బోర్డు మీద పేర్ల బదులు బొమ్మలుంటాయి. ఎవరి బొమ్మ వాళ్లే ఏరుకున్నారు. వాటితోనే పిలుస్తాను: బస్సు, గొడుగు, జామకాయ, నెమలి, తాళంచెవి. తాళంచెవి ఎందుకు తీసుకున్నవ్ తమ్మీ అంటే "మా ఇంటిది" అన్నాడు. సాయంత్రం దాకా మళ్లీ నోరు తెరవలేదు.

జూన్ 19

ఎవరికి ఏ పని వచ్చో చూసే చెక్‌లిస్టు నింపడం అయిపోయింది. మేధో వైకల్యం మీద పనిచేసే సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారు చేసిన ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టే వాడాం. నేను స్పెషల్ ఎడ్యుకేషన్ చదివేనాటి నుంచీ ఇదే నా చేతిలో ఉంది. అప్పుడు ఆ సంస్థను ఎన్‌ఐఎంహెచ్ అనేవాళ్లం, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. తినడం, స్నానం, బట్టలు, డబ్బులు, టైము... ఒక్కో పనికీ సొంతంగా చేస్తారా, చెప్తే చేస్తారా, చెయ్యి పట్టుకుంటే చేస్తారా అని గుర్తు పెట్టుకుంటూ పోవాలి. వీటితో పాటు ఇంకో గడి ఉంటుంది: "అవకాశం ఇవ్వలేదు".

గొడుగు వయసు 31. అన్నావదినల దగ్గర ఉంటుంది. గ్యాస్ పొయ్యి: అవకాశం ఇవ్వలేదు. కత్తిపీట: అవకాశం ఇవ్వలేదు. దుకాణానికి పోయి సామాను తేవడం: అవకాశం ఇవ్వలేదు. పేజీ తిప్పితే మళ్లీ అదే. వదిన పక్కనే కూర్చుని ఉంది. "కాల్చుకుంటదని భయం సార్. మాకు ఆమె బరువు కాదు" అంది. నిజమే, చాలా బాగా చూసుకుంటారు. ఆమె గ్లాసు కూడా వీళ్లే కడుగుతారు.

జూన్ 24

టీ పెట్టడాన్ని 14 మెట్లుగా విడగొట్టి రాశాను. టీచరమ్మ చదివి, "సార్, కడిగిన గిన్నె ఏదో కడగని గిన్నె ఏదో ఎట్ల తెలుస్తది?" అంది. 17 అయ్యాయి. అవ్వ చదవలేదు కానీ, చదివించుకుని విన్నది. "పాలు పొంగుతుంటే చూసుడు లేదా ఇండ్ల? మంట తగ్గిచ్చుడేది?" అంది. 19. ముప్పై ఏళ్లుగా టీ తాగుతూ, అందులో ఇన్ని పనులున్నాయని నేనెప్పుడూ చూడలేదు.

నేర్పేది మాత్రం చివరి మెట్టు నుంచి. మొదటి 18 మేం చేసి పెడతాం, జాలిలో వడగట్టడం ఒక్కటి వాళ్లది. వడగట్టగానే టీ చేతిలో ఉంటుంది, ఊదుకుంటూ తాగొచ్చు. అది కుదిరాక దాని ముందరి మెట్టు కూడా వాళ్లకే, తర్వాత దాని ముందరిది. మొదటి మెట్టు నుంచి నేర్పితే గిన్నె కడిగినందుకు మనిషికి దొరికేది తడి చేతులు. ఇంకో 18 మెట్ల తర్వాత టీ వస్తుందని నమ్మి ఎవరు ఓపిక పడతారు?

గిన్నె లోపల గోళ్ల రంగుతో రెండు గీతలు గీశాం. ఎర్ర గీత దాకా నీళ్లు, నల్ల గీత దాకా పాలు. రంగు వేడికి ఊడి టీలో తేలింది. రెండో గిన్నెకు మేకుతో గీరాం.

జూలై 3

బస్సు వయసు 24. కాజీపేటలో ఉంటాడు. వాళ్ల బాపు రైల్వేలో చేసి రిటైరైన మనిషి. రోజూ కొడుకును బైకు మీద దింపి, మా గేటు ముందు వేపచెట్టు కింద పేపరు చదువుకుంటూ కూర్చుని, మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకుని పోతాడు. కొడుక్కు బస్సులంటే ప్రాణం. కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు బట్టి కొత్త బండో పాత బండో చెప్పేస్తాడు. 24 ఏళ్లలో ఒక్కసారి కూడా ఒంటరిగా బస్సెక్కలేదు.

దారి పటం గీశాం. చదవడం రాదు కాబట్టి కనబడేవే గుర్తులు: ఫాతిమానగర్, నిట్ గేటు, అదాలత్. అదాలత్ దాటగానే సీట్లోంచి లేవాలి. చౌరస్తాలో దిగాలి. ఎక్కే ముందు "హనుమకొండ పోతదా?" అని కండక్టర్‌ను అడగాలి. పాస్ చూపించాలి. మా ఫోన్ నంబరున్న కార్డు చొక్కా జేబులోనే పెట్టించాం. మెడలో వేలాడదీయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నాకిష్టం లేదు. మెడలో కార్డుంటే బస్సులో ఉన్న ప్రతివాడికీ, మోసం చేయాలనుకునేవాడికి కూడా, మన సంగతి చాటింపు వేసినట్టే.

మొదటివారం నేను పక్క సీట్లో. రెండో వారం రెండు సీట్ల వెనక. మూడో వారం డ్రైవర్ వెనక, అతనికి కనబడకుండా.

జూలై 8

ఆరో అతను ఇవాళ వచ్చాడు. బోర్డు మీద ట్రాక్టర్ బొమ్మ పెట్టించుకున్నాడు. టీ తాగాడు, టీ పెట్టడం మీద ఏ ఆసక్తీ చూపలేదు.

జూలై 22

ఇవాళ నేను బస్సులో ఎక్కలేదు. చౌరస్తాలో నిలబడి చూస్తున్నా. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. మనవాడు దిగలేదు. గుండె జారిపోయింది. ఆ వెనకాలే బైకు మీద వాళ్ల బాపు, చెమటలు కక్కుతూ. తర్వాతి స్టాపులో దించుకుని వచ్చాడు.

అసలు జరిగింది అడిగి తెలుసుకుంటే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. బాపు ఊరుకోలేక కాజీపేట నుంచి బస్సు వెంటే బైకు మీద వస్తున్నాడు. కొడుకు కిటికీలోంచి చూసి చెయ్యి ఊపుతున్నాడు. అదాలత్ వచ్చింది, పోయింది, అతను లేవలేదు. బాపును చూస్తున్నాడు మరి.

సాయంత్రం ఆయనకు కూడా ఒక కాగితం రాసిచ్చాను. ఈ వారం అదాలత్ దాకా రండి, ఆగిపోండి. వచ్చేవారం నిట్ గేటు దాకా. ఆ పై వారం ఫాతిమానగర్. "నాకు కూడా మెట్లు రాసినవా సార్" అన్నాడు. రాశాను మరి.

జూలై 25

డబ్బులు. 10 గోధుమరంగు, 50 నీలం, 100 లేత ఊదా, 500 బూడిదరంగు. ఇవి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా 20తోనూ 200తోనూ. రెండూ పసుపు వైపే. సైజు తేడా పక్కపక్కన పెడితే తెలుస్తుంది కానీ, జేబులోంచి ఒక్కటే తీసినప్పుడు తెలియదు. నెమలి నిన్న కిరాణంలో 20 అనుకుని 200 ఇచ్చింది. దుకాణం ఆయన మంచివాడు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి మాకు ఫోన్ చేశాడు. ఆ వీధిలో అందరూ ఆయనలా ఉండరు.

అంకెలు నేర్పేదాకా ఆగలేం. అందుకే 200 నోటును పర్సులోంచే తీసేశాం. పర్సులో పదులు, వందలు మాత్రమే. ధర ఎంతైనా కింది అంకె చూడకుండా ఒక పది ఎక్కువ ఇవ్వాలి. 37 అంటే "ముప్పై" వినబడగానే మూడు పదులు, ఇంకో పది. చిల్లర వస్తే తీసుకోవాలి, లెక్కపెట్టాల్సిన పని లేదు. కూడికలు రానివాళ్లు కూడా దీన్ని పది రోజుల్లో పట్టుకుంటారు. రెండు రూపాయలు అటూ ఇటూ పోవచ్చు. నాకూ పోతుంటాయి.

ఆగస్టు 5

పని కోసం తిరుగుడు. వారంలో తొమ్మిది చోట్లకు పోయాం. ఒక టిఫిన్ సెంటర్‌లో గిన్నెలు తోమడానికి ఒప్పుకున్నాడు కానీ, జీతం మాట ఎత్తితే "అన్నం పెడ్తం కదా సార్" అన్నాడు. ఇంకో పెద్ద షాపులో మేనేజరు కూర్చోబెట్టి టీ ఇప్పించాడు, వీళ్లతో ఫొటో దిగుదామన్నాడు, పని మాత్రం లేదన్నాడు.

చివరికి పిండివంటల దుకాణం అక్క. సకినాలు, మురుకులు, గరిజెలు చేసి అమ్ముతుంది, ఆర్డరు మీద సర్వపిండి. నలుగురు ఆడవాళ్లు వెనక వండుతుంటారు. ప్యాకింగ్‌కు చేతులు చాలడం లేదట. "జాలితోటి పెట్టుకోను సార్, ముందే చెప్తున్న. చేతులు శుభ్రం ఉండాలె, సకినం విరగొద్దు" అంది. ఇన్ని రోజుల్లో నేను విన్న మాటల్లో ఇదే మంచి మాట. రోజుకు రెండు గంటలు, ప్యాకెట్‌కు రూపాయి, శనివారం శనివారం డబ్బులు వాళ్ల చేతికే. అమ్మానాన్నల చేతికి కాదు, నా చేతికీ కాదు. దీని మీద నేను పట్టుబట్టాను.

ఆగస్టు 11

ట్రాక్టర్ మానేశాడు. వాళ్ల ఊరికి పోయాను, బతిమిలాడదామని. పోయేసరికి అతను కంచెలో మేకలు కాస్తున్నాడు. ముప్పై దాకా ఉన్నాయి. సాయంత్రం ఒక్కడే వాటిని తోలుకుని రోడ్డు దాటించి ఇంటికొచ్చాడు. ఒక మేక తక్కువైతే లెక్కపెట్టకుండానే పసిగట్టి వెనక్కి పోయి తెచ్చాడు. "వానికేం ఎరుక" అన్న నాయనే ముప్పై మేకలు అప్పజెప్పాడు. ఆ మాటే ఆయనతో అన్నాను. "గది వేరే సార్" అన్నాడు. ఎట్లా వేరో ఇద్దరం కాసేపు ఆలోచించాం. బోర్డు మీద ట్రాక్టర్ బొమ్మ తీసేశాను. ఇందులో ఓడిపోయింది అతను మాత్రం కాదు.

ఆగస్టు 18 నుంచి 23

ఈ వారం గురించి వివరంగా రాయాలి.

దుకాణంలో జామకాయ కాంటా మీద, నెమలి స్టిక్కర్ల మీద. జామకాయకు 22 ఏళ్లు. ఏ వస్తువైనా వరసలో లేకపోతే నిద్రపోడు. ఎలక్ట్రానిక్ కాంటా చూపించి, 250 వస్తే కవర్లో వేయాలి అని 250 అంకె రాసిన కార్డు పక్కన పెట్టాను. అంకెలు చదవలేడు కానీ, కార్డునూ కాంటానూ పోల్చి చూడగలడు. బాగానే ఉంది కదా అనుకున్నా.

అరగంటకు అక్క ఫోన్: "సార్, ఈయన సకినాలు ఇరగ్గొడ్తుండు."

పోయి చూస్తే నిజమే. కాంటా మీద 262 ఉంది. కార్డు మీద 250. ఒక సకినం తీస్తే 247 అవుతోంది, పెడితే 262. అతను ఆ సకినాన్ని సన్నగా విరిచి, ముక్క ముక్క పెడుతూ, 250కి తెచ్చి, నా వైపు చూసి నవ్వాడు. నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. పొరపాటు నా కార్డులో ఉంది. వండే ఆడవాళ్లు పొద్దున్నుంచి గుండ్రంగా చుట్టిన సకినాలు పిండి ముక్కలైపోతుంటే వాళ్ల మొహాలు చూడలేకపోయాను.

మరునాడు ఇంకో కార్డు చేశాను: 250 నుంచి 269 దాకా ఏదైనా సరే అని. అతనికి అది కార్డు కాదు, పజిల్. ఇరవై అంకెలు పోల్చి చూడటానికి ప్యాకెట్‌కు ఐదు నిమిషాలు పట్టింది.

బుధవారం రాత్రి అన్నం తింటుంటే తట్టింది. గురువారం పొద్దున కాంటా తెర మీద చివరి అంకె పైన నల్ల టేపు అంటించాను. ఇప్పుడు అతనికి కనబడేది రెండే అంకెలు: 25 లేదా 26. రెండు కార్డులు, ఒకదాని మీద 25, ఇంకోదాని మీద 26. రెంటిలో ఏది వచ్చినా కవర్లోకి. ఒక్కో సకినం పదిహేను గ్రాములు అటూ ఇటూ కాబట్టి ఈ ఇరవై గ్రాముల సందులో ఎప్పుడైనా పడుతుంది.

అక్క లెక్క వేసింది. "ప్యాకెట్‌కు పది గ్రాములు పోతే నాకేం మిగుల్తది?" న్యాయమైన ప్రశ్నే. నేను సమాధానం వెతుక్కునేలోపే వెనక నుంచి ఒకామె, "ఇంతకు ముందు మేము చూడకుంట పోసినప్పుడు ఎంత పోయిందో ఎవలు కొలిచిండ్రు?" అంది. అక్క నవ్వేసింది.

గురువారం 22 ప్యాకెట్లు, శుక్రవారం 31, శనివారం 40. విరిగినవి సున్నా.

నెమలి సంగతి ఒక ముక్కలో: స్టిక్కర్లు తలకిందులుగా పడుతున్నాయి. అట్టముక్కలో స్టిక్కర్ సైజు కిటికీ కోసి, పైవైపు ఒక చుక్క పెట్టాం, సరిపోయింది. కవరు అతికే మిషన్ వేడిగా ఉంటుంది కాబట్టి దాని జోలికి ఇంకా పోలేదు. గిరాకీలతో మాట్లాడొద్దని అక్క చెప్పింది, కానీ నెమలి ఆగదు. వచ్చినవాళ్లను ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడుగుతుంది. రెండో రోజుకే ఒకామె "ఆ పిల్ల లేదా ఇయ్యాల?" అని అడిగిందట.

సెప్టెంబర్ 3

ఇవాళ్టిది రాయడానికి సిగ్గుగా ఉంది.

గొడుగు మూడు వారాలుగా టీ 19 మెట్లూ "సొంతంగా" చేస్తోందని నా రికార్డు. అన్ని గడుల్లోనూ "సొ" అని ఉంది. ఇవాళ ఆమె పాలు పోసిన సమయానికి నాకు ఫోన్ వచ్చింది, బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది. గ్యాస్ వాసన. ఆమె చెయ్యి నాబ్ మీదే ఉంది, కళ్లు తలుపు వైపు. నా కోసం చూస్తోంది.

అదృష్టం, ఏమీ కాలేదు. కిటికీలు తీశాం.

టీచరమ్మ కిందటి వారం ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే ముగ్గురం కూర్చుని చూశాం. 19 మెట్లలో 11 సార్లు ఆమె నా మొహం వైపు చూసింది. 11 సార్లు నేను తల ఊపాను. ఊపుతున్నానని నాకే తెలియదు. నా తల ఊపడమే ఆమెకు ఇరవయ్యో మెట్టు అయిపోయింది. ఎర్ర పెన్నుతో మూడు వారాల "సొ"లన్నీ కొట్టేసి "సై" అని రాశాను. సై అంటే సైగతో.

అవ్వ వీడియో చూసి ఒక్కటే మాటంది: "ఇంట్ల వదిన ఎట్లనో ఈడ నువ్వట్ల."

రేపటి నుంచి మార్పులు: మెట్ల ఫొటోలు పొయ్యి పైన గోడకు వరసగా అంటించాలి, చూడాలంటే వాటిని చూడాలి. నేను ఆమెకు వీపు పెట్టి క్యాలెండర్ వైపు తిరిగి నిలబడాలి, చెవులు మాత్రం పొయ్యి మీద. ఎక్కడైనా ఆగిపోతే లోపల ఐదు లెక్కపెట్టాకే మాట సాయం. ఐదు చాలా పొడుగు అంకె అని నాకు తెలుసు. మూడు దగ్గరే నోరు తెరుచుకుంటుంది. నాబ్ కట్టేయడం మాత్రం ఈ లెక్కలోకి రాదు. మంట ఆరితే నాబ్ తిప్పి బయటికి రావాలి, ఎవరి కోసమూ చూడొద్దు. దీన్ని విడిగా, పొయ్యి వెలిగించకుండా, రోజుకు పదిసార్లు చేయిస్తాం.

సెప్టెంబర్ 20, శనివారం

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున్నే నెమలి, గొడుగు తంగేడు, గునుగు తెచ్చారు. సెంటర్ వాకిట్లో బతుకమ్మ పేర్చారు. దుకాణంలో దసరా ఆర్డర్లు, జామకాయ ఇవాళ 74 ప్యాకెట్లు చేసి చేతులు నొప్పులంటున్నాడు. బాపు బైకు పదిహేను రోజులుగా ఫాతిమానగర్ దగ్గరే ఆగుతోంది.

గొడుగు టీ: ఐదు రోజులుగా "సొ". ఈసారి నేను గదిలోనే లేను.

అక్టోబర్ 9

బ్యాంకు. జామకాయ పేరు మీద ఖాతా కావాలి. మొదటిసారి పోతే కౌంటర్లో అతనితో కాకుండా నాతోనే మాట్లాడారు, గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ గార్డియన్‌షిప్ ఇస్తుంది, అది అవసరమైనవాళ్లకు ఉండాల్సిందే. కానీ తన డబ్బు తనదేనని, ఖాతాలో వేసుకుంటానని నోటితో చెప్పే మనిషికి గార్డియన్ ఎందుకు? 2016 చట్టం 13వ సెక్షన్ అందరిలాగే వీళ్లకూ డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు ఉందని చెప్తోంది. కాగితం ప్రింటు తీసి మూడోసారి పోయాం. లోపలి మేనేజరు చదివి, జామకాయ వైపు తిరిగి, "సంతకం వస్తదా?" అని అడిగారు. నెల రోజులుగా ఇంటి దగ్గర అతను నేర్చుకుంటున్నది అదే. పెట్టాడు. వరస తప్పకుండా, గీత మీద.

బయటికొచ్చాక వాళ్లమ్మ పక్కకు పిలిచి, "పని చేస్తున్నడని తెలిస్తే పింఛన్ తీసేస్తరా సార్?" అని అడిగింది. నెలకు 4,016 రూపాయలు. వారం వారం వచ్చే రెండు మూడు వందల కన్నా అది చాలా ఎక్కువ. ఈ భయం ఉన్నంతకాలం ఏ తల్లీ కొడుకును జీతానికి మనసారా పంపదు. ఆమెను తప్పు పట్టలేను.

అక్టోబర్ 30

నిన్నంతా తుఫాను వాన. కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. మా షెడ్డులో మోకాలి దాకా నీళ్లు, ఫొటోల పట్టీలు, కార్డులు అన్నీ తడిసి ముద్దయ్యాయి. సెంటర్ బంద్. బస్సు పొద్దున ఫోన్ చేశాడు: "సార్, బస్సులు లేవు. నేను రాను." ఇంతకు ముందైతే ఈ మాట బాపు చెప్పేవాడు.

నవంబర్ 12

ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం నెల రోజులుగా బాగానే వండుతున్నారు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. ఇవాళ ముద్దయిపోయింది. తాళంచెవి కొలత తప్పాడేమో అనుకుని, మళ్లీ నిలబడి చూశాం. గ్లాసు సరిగ్గానే నింపాడు. మళ్లీ ముద్దే. అవ్వ వచ్చి బియ్యం గుప్పిట్లోకి తీసుకుని చూసి, "కొత్త బియ్యం సార్ ఇవి, నీళ్లు తక్కువ పట్టాలె" అంది. మొన్ననే కోతలు అయ్యాయి, ఇంటి ఓనర్ వాళ్ల ఊరి నుంచి బస్తా వచ్చింది. నా మెట్లలో పాత బియ్యం, కొత్త బియ్యం అన్న తేడానే లేదు. రెండో గ్లాసుకు కాస్త కిందుగా ఇంకో గీత గీరాం. కొత్త బస్తాకు ఎర్ర తాడు కట్టాం. ఎర్ర తాడు ఉంటే కింది గీత.

నవంబర్ 17 నుంచి 21

తాళంచెవి వాళ్లమ్మ వచ్చింది. 68 ఏళ్లు. భర్త లేడు. ఉన్నది ఈ ఒక్క కొడుకే. ఎప్పుడొచ్చినా ఒకటే మాట, "నా కండ్ల ముందల్నే వాడు పోతే మంచిగుండు సార్." ఈ మాట అన్న తల్లి ఈమె ఒక్కతే కాదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కోపం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు.

సెంటర్లోనే రెండు రాత్రులు ఉంచుదాం అన్నాను. తాళంచెవి, తోడుగా బస్సు. శుక్రవారం రాత్రి నేను వెనక షెడ్డులో పడుకుంటా. శనివారం రాత్రి ఎవరూ ఉండం. ఇంటి ఓనర్ పక్కింట్లోనే ఉంటాడు, ఫోన్లో ఒక నంబరు నొక్కితే నేను వస్తా. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తలుపు గడియ పెట్టుకుంటడా?" అని అడిగింది.

వారమంతా తలుపు మీదే పని. తలుపు కొడితే ముందు ఎవరు అని అడగాలి. పేరు వినాలి. కిటికీలోంచి మొహం చూడాలి. అప్పుడు గడియ తీయాలి. నాలుగు మెట్లు. టీచరమ్మ, అవ్వ, ఓనర్, పాలబ్బాయి, అందరం వంతులేసుకుని తలుపు కొట్టాం.

నవంబర్ 23, ఆదివారం

రాత్రి నాకు నిద్ర లేదు. రెండుసార్లు బైకు తాళం తీసి మళ్లీ పెట్టాను. పొద్దున ఆరున్నరకు పోయి తలుపు కొట్టాను.

లోపల్నుంచి తాళంచెవి గొంతు: "ఎవలు?"

"నేను."

"నేను అంటే ఎవలు?"

పేరు చెప్పాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. కిటికీ తెర కొంచెం జరిగింది, ఒక కన్ను కనబడింది, తెర మళ్లీ పడింది. నోరు తెరవబోయి ఆపుకున్నాను. చలి బాగానే ఉంది. ఐదు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది దాకా పోయాక గడియ తీశాడు.

లోపల పక్కలు ఎత్తి ఉన్నాయి. బస్సు చాప మీద కూర్చుని బాపుతో ఫోన్లో, "మంచిగనే ఉన్న, మాటిమాటికి చెయ్యకు" అంటున్నాడు. స్టవ్ ఆపేసి ఉంది. పక్కన రెండు కప్పుల్లో టీ, ఇంకా ఆవిరి వస్తోంది.

నేను కప్పుల వైపు చూడటం తాళంచెవి చూశాడు.

"మా ఇద్దరికే పెట్టిన" అన్నాడు.